మునిగిన ఊరి తారీఖ్ ఎవరు రాయాలి?



ఎండలు ముదిరాయంటే మా మామూ పొద్దున్నే ఫోన్ చేస్తాడు. "నీళ్లు దిగినయ్ రా, ఎప్పుడొస్తవ్?" అంటాడు. ఎల్లంపల్లి రిజర్వాయర్‌లో నీళ్లు బాగా తగ్గిన ఏడాది మా నన్హాల్, అంటే మా అమ్మీ పుట్టిన ఊరు, కొన్ని రోజులు బయటికొస్తుంది. ఊరంటే మిగిలింది పెద్దగా ఏమీ లేదు. కూలగొట్టిన గోడల రాళ్లు, పగుళ్లిచ్చిన ఒండ్రు మట్టి, పూడిపోయిన బావి గట్టు, ఒక చింతచెట్టు మోడు. ఆ మోడు నుంచి కొంచెం పడమటికి నడిస్తే ఖబరస్తాన్. మా నానీ అక్కడే ఉంది.

ఈసారి గోదావరిఖని నుంచి మా బిడ్డను కూడా వెంటబెట్టుకుని పోయాను. ఇంటర్ చదువుతోంది. మామూ ఫాతిహా చదివాడు. మేమూ చేతులెత్తాం. అయిపోయాక పిల్ల ఫోన్ తీసి మ్యాప్ తెరిచింది. "అబ్బా, మనం నీళ్లల్ల నిలబడ్డట్టు చూపిస్తుంది" అని నవ్వింది. నేనూ చూశాను. మేం నిలబడ్డ చోటంతా నీలం రంగు. ఊరి పేరు లేదు.

తిరిగి వస్తుంటే పిల్ల అడిగింది, "దాదా, ఈ ఊరు ఎప్పటిది?" అని. మామూ కాసేపు ఆలోచించాడు. "మా అబ్బా పుట్టెటాల్లకే ఉండె బిడ్డా" అన్నాడు. అంతకు మించి ఆయనకు తెలియదు. నాకు అంత కూడా తెలియదు.

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ. తారీఖ్ అంటే చరిత్ర కూడా. మా ఊరు మునిగిన తారీఖ్ ఆఫీసు కాగితాల్లో ఉంది. అది బతికిన తారీఖ్ ఎక్కడా లేదు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఆ సంగతే. ముంపు ఊళ్ల తారీఖ్‌ను వాటిలో పుట్టినవాళ్లు, వాళ్ల పిల్లలు రాసుకోవాలి. మన ఇళ్లలో బుజుర్గులు ఉండగానే రాసుకోవాలి. ఇది ఫర్జ్ అని నేను అనను, అంత మాట అనడానికి నేను ఆలిమ్‌ను కాను. కర్జ్ అని మాత్రం అంటాను. తీర్చాల్సిన బాకీ.

లెక్కలోకి వచ్చినవి, రానివి

మన బొగ్గు బెల్ట్‌లో ఊరు పోవడం కొత్త సంగతి కాదు. ఓపెన్‌కాస్ట్ కింద పోయిన ఊళ్లు ఉన్నాయి. థర్మల్ ప్లాంట్ కోసం భూములిచ్చిన ఊళ్లు ఉన్నాయి. శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు వాటిలో పెద్దది. 2004 తర్వాత జలయజ్ఞంలో భాగంగా రామగుండం దగ్గర గోదావరి మీద కట్టారు. 62 గేట్లు. 20 టీఎంసీలకు పైగా నీళ్లు పడతాయి. పూర్తి నీటిమట్టం 148 మీటర్లు. దాని కింద పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ఊళ్లు పోయాయి. ఇప్పటి లెక్కలో అవి పెద్దపల్లి, జగిత్యాల, మంచిర్యాల జిల్లాలు. అంటే ఊళ్లు మునిగాయి, ఆ తర్వాత 2016లో జిల్లాల పేర్లు కూడా మారిపోయాయి. రేపు ఎవరైనా పాత కాగితం పట్టుకుని వెతికితే జిల్లా కూడా దొరకదు.

ఊరు ఖాళీ చేయించేటప్పుడు సర్వే జరిగింది. ఇల్లు కొలిచారు. పెంకుటిల్లా, స్లాబా, గుడిసెనా అని రాశారు. బావి రాశారు. మామిడిచెట్లు, చింతచెట్లు, తాటిచెట్లు లెక్కపెట్టారు. అలా లెక్కపెట్టడం తప్పని నేను అనను. ముఆవజా ఇవ్వాలంటే లెక్క ఉండాల్సిందే. ఆ లెక్కలో పేదవాడికి అన్యాయం జరిగిందా లేదా అన్నది వేరే కొట్లాట. అది కూడా పూర్తి కాలేదు.

ఖబరస్తాన్ సంగతికి వచ్చేసరికి ఊరి పెద్దలు మసీదులో కూర్చున్నారట. బొక్కలు తీసి కొత్త కాలనీ దగ్గర దఫన్ చేద్దామా, ఇక్కడే వదిలేద్దామా అని. ఆలిమ్ సాహెబ్‌ను అడిగితే, గట్టి మజ్బూరీ లేకుండా ఖబర్ తవ్వడం మంచిది కాదన్నారు. ఎవరి ఖబర్ ఏదో గుర్తుపట్టేవాళ్లు కూడా సగం మందే ఉన్నారు. రాళ్ల మీద పేర్లు లేవు. మన పల్లెల్లో పేర్లు చెక్కించే ఆనవాయితీ ఎక్కడుంది? పేదవాళ్ల ఖబర్ అంటే తలాపున ఒక రాయి, పక్కన ఒక మొక్క. చివరికి అందరూ కలిసి దువా చేసి వచ్చేశారు. మా మామూ ఆ రోజు సంగతి చెప్తూ ఒక మాట అన్నాడు. "ఇంటికి పైసలిచ్చిన్రు, చెట్టుకు పైసలిచ్చిన్రు. గోరీలకు పైసలు మేమే అడగలె. అడుగుతె అమ్ముకున్నట్టయితదని."

2013 భూసేకరణ చట్టంలో కొంత మార్పు వచ్చింది. కొత్త కాలనీలో ఏమేం ఉండాలో అందులో జాబితా ఇచ్చారు. రోడ్లు, మంచినీళ్లు, బడితో పాటు శ్మశానం లేక ఖబరస్తాన్, ఇబాదత్‌కు చోటు, నలుగురు కూర్చోవడానికి చెట్టు కింద అరుగు కూడా ఉన్నాయి. చట్టం రాసినవాళ్లెవరో ఊరంటే ఏమిటో కొంచెం తెలిసినవాళ్లే. కానీ అదంతా కొత్తగా ఇచ్చేవాటి జాబితా. పాత ఊళ్లో ఉన్నదాన్ని రాసిపెట్టే ఖానా ఏ ఫారంలోనూ లేదు.

రాసి ఉన్నందుకు కోటిలింగాల బతికింది

మన దగ్గరలోనే ఒక మిసాల్ ఉంది. జగిత్యాల జిల్లా వెల్గటూరు మండలంలో కోటిలింగాల. పెద్దవాగు వచ్చి గోదావరిలో కలిసే చోట ఉంటుంది. మునుపు చూసిన వాళ్లకు అదొక మామూలు పల్లె, నది ఒడ్డున గుడి, పక్కన మట్టి దిబ్బలు. ఆ దిబ్బల మీద వాన పడ్డప్పుడు చిన్న చిన్న నాణేలు బయటపడేవి. నాణేల మీద పి.వి. పరబ్రహ్మశాస్త్రి లాంటి చరిత్రకారులు పని చేశారు. 1979 నుంచి కొన్నేళ్లు వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. ఇటుక గోడలు, బావులు, మట్టి కోట ఆనవాళ్లు వచ్చాయి. నాణేల మీద గోబద, నారన, సమగోప అనే రాజుల పేర్లు ఉన్నాయి. శాతవాహనుల మొదటి రాజుగా చెప్పే చిముకుడి పేరు కూడా దొరికింది. రెండు వేల ఏళ్లకు ముందు మన గోదావరి ఒడ్డున ఒక నగరం ఉండేదని అలా ప్రపంచానికి తెలిసింది.

ఇప్పుడు ఆ కోటిలింగాల కూడా ఎల్లంపల్లి బ్యాక్‌వాటర్ ఊరే. పాత నగరం ఉన్న చోట కొంత నీటి పాలైంది.

ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ గోబద ఎవరో, ఎన్నేళ్లు ఏలాడో, ఇన్సాఫ్ చేశాడో జుల్మ్ చేశాడో మనకు పెద్దగా తెలియదు. అయినా ఆయన పేరు ఈ రోజు నేను రాయగలుగుతున్నాను. కారణం ఒక్కటే, చిన్న నాణెం మీద నాలుగు అక్షరాలు ఎవరో చెక్కారు. మా నానీ పేరు చెక్కినవాళ్లు లేరు. ఆమె ఊరిలో సగం మందికి పురుడు పోసింది. తెలుగు ఇళ్లలోనూ, మన ఇళ్లలోనూ. ఆమె చేతుల మీద పుట్టినవాళ్లు ఇప్పుడు మూడు జిల్లాల్లో చెల్లాచెదురై ఉన్నారు. వాళ్లు పోయిన రోజున ఆమె కూడా రెండోసారి పోతుంది.

పెద్ద చరిత్ర మునిగితే హుకూమత్ కొంతైనా కదులుతుంది. నాగార్జునసాగర్ కట్టేటప్పుడు 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను తవ్వి, దొరికినవాటిని కొండ మీదికి ఎక్కించారు. కొండ చుట్టూ నీళ్లొచ్చి దీవి అయింది, అక్కడ మ్యూజియం ఉంది. మంచి పని చేశారు. కానీ మా నన్హాల్ లాంటి ఊరికి మ్యూజియం ఎవరూ కట్టరు. కట్టాలని అడగడం కూడా కుదరదు. అందుకే ఇది మన పని అంటున్నాను.

వేల్స్‌లో ఒక గోడ

మా ఖాలా కొడుకు ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ నగరంలో ఉద్యోగం చేస్తాడు. ఎల్లంపల్లి గురించి మాట్లాడుకుంటుంటే ఒకసారి ఒక గోడ ఫోటో పంపాడు. ఊరి బయట పాడుబడిన ఇంటి గోడ. ఎర్ర రంగు మీద తెల్లటి అక్షరాలు. వేల్స్ భాషలో రెండే మాటలు. మన భాషలో చెప్పాలంటే "ట్రవెరిన్‌ను మరిచిపోకండి" అని అర్థం.

ట్రవెరిన్ అంటే ఉత్తర వేల్స్‌లో ఒక చిన్న నది. దాని ఒడ్డున కాపెల్ కెలిన్ అనే పల్లె ఉండేది. ఒక బడి, ఒక పోస్టాఫీసు, ఒక ప్రార్థనా మందిరం, దాని పక్కన ఖబరస్తాన్, పన్నెండు ఇళ్లు, పొలాలు. అందరూ వేల్స్ భాషే మాట్లాడేవాళ్లు. లివర్‌పూల్ నగరానికి నీళ్లు కావాలని 1957లో లండన్ పార్లమెంటులో చట్టం చేయించుకున్నారు. వేల్స్ ఎంపీల్లో ఒక్కరు కూడా దానికి అనుకూలంగా ఓటు వేయలేదు. అయినా చట్టం పాసైంది. అంతకు ముందే 1956లో ఆ పల్లె జనం పిల్లాపాపలతో లివర్‌పూల్ వెళ్లి వీధుల్లో ఊరేగింపు చేశారు. ఎవరూ వినలేదు. 1965లో ఊరు మునిగింది. ఖబరస్తాన్ విషయంలో వాళ్లకూ మన ప్రశ్నే ఎదురైంది. కొన్ని కుటుంబాలు తమవాళ్లను వేరే చోటికి మార్చుకున్నాయి. మిగిలిన ఖబర్లను అక్కడే ఉంచి కాంక్రీటు పోశారు. మందిరం రాళ్లతో నీటి ఒడ్డున ఒక యాద్‌గార్ కట్టారు.

అది కూడా మనలాంటి బొగ్గు దేశమే. రిజర్వాయర్ ప్రారంభోత్సవం 1965 అక్టోబరు 21న జరిగింది. సరిగ్గా ఏడాదికి, 1966 అక్టోబరు 21న, దక్షిణ వేల్స్‌లో ఆబర్‌వాన్ అనే గని ఊరి మీద బొగ్గు మట్టి గుట్ట జారిపడింది. బడి మీద పడింది. 144 మంది పోయారు, వాళ్లలో 116 మంది పిల్లలు. రోజూ ఓబీ గుట్టల పక్క నుంచి పిల్లలను బడికి పంపే మనకు దీన్ని వివరించక్కర్లేదు.

ఇక ఆ గోడ సంగతి. దాని మీద 1960ల మొదట్లో ఆ మాటలు రాసింది మీక్ స్టీఫెన్స్ అనే యువకుడు. తర్వాత పేరున్న రచయిత అయ్యాడు. తమాషా ఏమిటంటే, మొదట రాసినప్పుడు ఆ రెండు మాటల్లోనే ఒక వ్యాకరణ దోషం ఉంది. తర్వాత వచ్చినవాళ్లు దిద్దారు. రంగు వెలిస్తే మళ్లీ వేశారు. 2019లో ఎవరో గోడను కూలగొడితే జనం మళ్లీ కట్టారు. అంతటితో ఊరుకోకుండా వేల్స్ అంతటా తమ తమ గోడల మీద అవే మాటలు రాసుకున్నారు. 2005లో లివర్‌పూల్ నగరపాలక మండలి ఆ పల్లెవాళ్లకు మాఫీ అడిగింది. నలభై ఏళ్లు పట్టింది. ఊరు తిరిగి రాలేదు. కానీ వాళ్లు మరిచిపోయి ఉంటే ఆ మాఫీ అడగడానికి ఎదుట ఎవరున్నారు?

పన్నెండు ఇళ్ల ఊరు. మన మునిగిన ఊళ్లలో ఒక్కో వాడ అంత ఉంటుంది.

రెండు జవాబులు

ఇలా మాట్లాడితే ఇద్దరు నాతో వాదిస్తారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది కాబట్టి జవాబు చెప్పాలి.

మొదటివాళ్లు అంటారు, "నీళ్లు అక్కర్లేదా? హైదరాబాద్ ఏం తాగాలి?" అని. నిజమే. 2015 ఆఖరు నుంచి ఎల్లంపల్లి నీళ్లు 180 కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణించి హైదరాబాద్ చేరుతున్నాయి. మా చిన్నోడు అక్కడ హాస్టల్‌లో ఉంటాడు. వాడు తాగే గ్లాసులో వాడి పర్‌నానీ ఊరి నీళ్లున్నాయి. ఎన్టీపీసీకి నీళ్లు కావాలి, పొలాలకు కావాలి. నేను ప్రాజెక్టు వద్దనడం లేదు. ఆ మాటకొస్తే మనం గర్వంగా చెప్పుకునే నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహాదుర్ కట్టిన నిజాంసాగర్ కింద కూడా ఊళ్లు మునిగాయి. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు వల్ల నిజామాబాద్ పచ్చబడింది. ఆయన పుట్టినరోజు జులై 11ను తెలంగాణలో ఇంజినీర్ల దినోత్సవంగా జరుపుకుంటారు. మనమూ వాట్సాప్‌లో ఆయన ఫోటో పెట్టుకుంటాం. పెట్టుకోవాలి కూడా. కానీ మంజీర నీళ్ల కింద పోయిన ఊళ్ల పేర్లు ఒక్కటైనా మనలో ఎవరికి యాద్ ఉన్నాయి? కట్టినవాడి పేరు మిగిలింది, ఖాళీ చేసినవాళ్ల పేర్లు పోయాయి. మనవాడు కట్టినప్పుడు ఇలాంటి ప్రశ్న వేయకుండా, వేరేవాళ్లు కట్టినప్పుడు మాత్రమే వేస్తే అది ఇన్సాఫ్ కాదు. నీళ్లు తీసుకోవడం ఒకటి, నీళ్లిచ్చినవాళ్ల పేరు తెలియకపోవడం ఇంకొకటి.

రెండోవాళ్లు మన జమాత్‌లోనే ఉన్నారు. "భాయీ, ఆ పల్లెల్లో ఏముంది? పీర్లు, దర్గాలు, అలావా చుట్టూ ఎగరడం. అదంతా బిద్అత్. నీళ్లలో పోతే మంచిదే అయింది" అంటారు. ఈ మాట నేను స్వయంగా విన్నాను. అన్నది నాకంటే ఎక్కువ నమాజులు చదివే మనిషి. ఆయనతో అఖీదా మీద బహస్ చేయను. పీర్లను ఎత్తాలా వద్దా అన్నది ఎవరి ఇంట్లో వాళ్లు, తమ ఆలిములతో తేల్చుకోవాలి. నేను అడిగేది వేరే. మా నన్హాల్ ఆషూర్‌ఖానాలో మొహర్రం పదో రోజు ఊదు వేసేది దూదేకుల ఇల్లు. అలావా గుంత తవ్వేది మాదిగ వాడవాళ్లు. డప్పు వాళ్లదే. కట్టెలు గౌడ్ల ఇంటి నుంచి. పీర్ ఎత్తేవాళ్లలో ఇద్దరు ముదిరాజులు. మలీదా అన్ని ఇళ్లకూ పోయేది. అది ఇబాదత్ కిందికి వస్తుందా రాదా అన్నది ఆలిమ్ చెప్తాడు. ఈ ఊళ్లో ముస్లిం ఎవరితో ఎలా బతికాడో మాత్రం ఆ పది రోజులే చెప్తాయి. ఈ నేల మీద మీరెప్పటి నుంచి ఉన్నారని మనల్ని అడిగే రోజుల్లో, మన దగ్గరున్న సబూత్‌ను మనమే బిద్అత్ అని నీళ్లలో వదిలేస్తే ఎలా? నమ్మకపోయినా రాసిపెట్టవచ్చు. రాయడం వేరు, నమ్మడం వేరు.

హిజ్రత్ చేస్తూ మక్కాను వదిలేటప్పుడు మన నబీ సల్లల్లాహు అలైహి వసల్లం వెనక్కి తిరిగి ఆ ఊరి మీద తన మొహబ్బత్ చెప్పుకున్నారని మనం బయాన్‌లలో వింటూనే ఉంటాం. పుట్టిన ఊరి మీద ప్రేమ దీన్‌కు అడ్డం కాదని చెప్పడానికి నాకు ఇంతకంటే పెద్ద మాట అక్కర్లేదు.

కాగజ్ సంగతి

ఇదంతా జజ్బాత్ ముచ్చట అనుకునేవాళ్లకు ఒక గట్టి కారణం కూడా చెప్తాను. 1995 వక్ఫ్ చట్టంలో 91వ సెక్షన్ ప్రకారం, వక్ఫ్ భూమిని సేకరించేటప్పుడు కలెక్టర్ వక్ఫ్ బోర్డుకు నోటీసు ఇవ్వాలి. కానీ అది వక్ఫ్ అని ఏదో ఒక రికార్డులో ఉంటే కదా నోటీసు! పల్లెల్లో ఎన్నో ఖబరస్తాన్లు, ఆషూర్‌ఖానాలు తరతరాలుగా వాడుకలో ఉన్నాయి, కాగితం మాత్రం ఉండదు. వాడుకనే ఆధారంగా చూసే పద్ధతి చట్టంలో ఉండేది. 2025 సవరణ చట్టంతో కొత్తగా అలా వక్ఫ్ అనిపించుకునే దారి మూసుకుపోయింది. ఇక మీదట నోటి మాట చాలదు. ఈ రోజు నీటి ఒడ్డున మిగిలి ఉన్న ఊళ్లకు, రేపు ఓపెన్‌కాస్ట్ అంచుకు రాబోయే ఊళ్లకు ఇది వర్తిస్తుంది.

ఇక్కడే మనకు ఒక ప్రత్యేక జిమ్మేదారీ ఉంది. నిజాం కాలపు రెవెన్యూ కాగితాలు ఉర్దూలో ఉన్నాయి. సేత్వార్, మున్తఖబ్, పాత పహాణీలు. నా చిన్నప్పుడు మా అబ్బా బాయి నుంచి ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చేసరికి ఇంటి ముందు ఎవరో ఒక రైతు కూర్చుని ఉండేవాడు. చేతిలో మడతలు పడి చిరిగిపోతున్న కాగితం. "సాబ్, గీడ ఏం రాసుందో జర సద్వున్రి" అనేవాడు. రెడ్డి అయినా, కాపు అయినా, మాల అయినా, వాళ్ల తాత భూమి సంగతి తెలుసుకోవాలంటే మా అబ్బా కళ్లద్దాలు కావాల్సి వచ్చేది. అబ్బా చదివి తెలుగులో చెప్పేవాడు. పైసా తీసుకునేవాడు కాదు. ఒకసారి ఒకాయన సంచినిండా చింతపండు తెచ్చి పెట్టి పోయాడు.

అబ్బా పోయాక అలా చదివేవాళ్లు మా గల్లీలో లేరు. నాకు ఉర్దూ వచ్చు గానీ షికస్తా, అంటే ఆ గొలుసుకట్టు రాత, సగమే అర్థమవుతుంది. మా పిల్లలకు అదీ రాదు. ఉర్దూ చదవగలిగి తెలుగు రాయగలిగిన తరం మనదే చివరిదేమో అని భయమేస్తుంది. ఊరి పాత కాగితం ఒక భాషలో, ఊరి పిల్లలు ఇంకో భాషలో ఉన్నారు. మధ్యలో ఉన్నది మనం. ఆ ఊరి ముస్లింల తారీఖ్ ఒక్కటే కాదు, మొత్తం ఊరి తారీఖ్ మన చేతుల్లో అమానత్‌గా ఉంది.

ఎలా మొదలుపెట్టాలి

పెద్ద పుస్తకం రాయమని అడగడం లేదు. రెండు వందల పేజీల నోట్‌బుక్ ఒకటి కొనండి. ఈ ఆదివారం మీ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. ఫోన్‌లో రికార్డ్ చేస్తూనే కాగితం మీద కూడా రాయండి. ఫోన్ పోతుంది, నోట్‌బుక్ బీరువాలో ఉంటుంది.

మొదట ఊరి పటం గీయించండి. ఏ గల్లీలో ఎవరి ఇల్లు, బావి ఎక్కడ, మసీదు ఎక్కడ, గుడి ఎక్కడ, గోదావరికి పోయే బాట ఏది, పుట్టి ఎక్కే రేవు ఎక్కడ.

తర్వాత షజరా. మీ ఖాందాన్ ఆ ఊరికి ఎక్కడి నుంచి వచ్చింది, ఏం పని చేసేది. దూది ఏకడమా, గాజుల బేరమా, పటేల్ దగ్గర నౌకరీనా, వ్యవసాయమా. తక్కువ పని అనిపించినా దాచొద్దు.

ఖబరస్తాన్ హద్దులు రాయండి. ఎవరెవరు ఎక్కడ ఉన్నారో యాద్ ఉన్నంత వరకు పేర్లు రాయండి. ఆడవాళ్ల పేర్లు తప్పకుండా అడగండి. "ఫలానావాళ్ల అమ్మ" అంటే ఊరుకోవద్దు. ఆమె పేరు అడగండి.

ఆషూర్‌ఖానా, దర్గా, మసీదు ఎవరు కట్టించారు, ముజావర్ ఎవరు, ఇనాం భూమి ఉండేదా, ఏ పండుగకు ఏ ఇంటి నుంచి ఏం వచ్చేది అన్నవి రాయండి. 1986 గోదావరి వరద యాద్ ఉన్నవాళ్లు ఇంకా ఉన్నారు, నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో అడగండి.

చివరగా ముఆవజా. ఎంత భూమి పోయింది, ఎంత వచ్చింది, ఎవరికి రాలేదు, ఆ పైసలు ఏమయ్యాయి. పెళ్లిళ్లకు పోయాయా, ప్లాట్లకు పోయాయా, తాగుడుకు పోయాయా. ఇది రాయడానికి కష్టంగా ఉంటుంది, అయినా రాయండి.

ఊళ్లోని హిందూ కుటుంబాలను కూడా కూర్చోబెట్టుకోండి. మనకు యాద్ లేనిది వాళ్లకు యాద్ ఉంటుంది. మా నానీ అసలు పేరు మా మామూ కంటే ముందు చెప్పింది మా పాత ఊరి చాకలి అవ్వ. భాషలో తప్పులు పడతాయని సిగ్గుపడొద్దు. ఆ వేల్స్ గోడ మీద కూడా తప్పే పడింది. తర్వాతివాళ్లు దిద్దుకుంటారు. రాయకపోతే దిద్దడానికి కూడా ఏమీ ఉండదు.

మేం మొదలుపెట్టాం. గత రెండు నెలలుగా ఆదివారం అస్ర్ తర్వాత మామూ మా ఇంటికొస్తున్నాడు. బిడ్డ రాస్తోంది, నేను చాయ్ పెడుతున్నాను. ఇప్పటికి ముప్పై ఒక్క పేజీలు అయ్యాయి. ఖబరస్తాన్ పేజీలో నలభై రెండు పేర్లు వచ్చాయి, పదకొండు ఖాళీలు ఉన్నాయి. మొన్నటి ఆదివారం ఆ ఖాళీల్లో ఒకటి నిండింది. అర్ధరాత్రి పన్నెండింటికి మామూ ఫోన్ చేసి, "యాదికొచ్చింది రా, రాసుకో" అని ఒక పేరు చెప్పి పెట్టేశాడు.

మీ ఊరి పేరు ఏమిటి? అక్కడ ఎన్ని ఖాళీలున్నాయి?

దువాల్లో యాద్ ఉంచుకోండి. ఖుదా హాఫిజ్.